కట్టు విప్పాక అమ్మ చేతికి మంట తగ్గట్లేదు. చేతి థెరపీ ఎవరైనా చేయించారా?

మహేంద్రతనయ_ఒడ్డు (పర్లాకిమిడి) · ఆగస్టు 9, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. ఇక్కడ చాన్నాళ్ళుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు.

మా అమ్మకి 58. రథయాత్రకి వారం ముందు పెరట్లో నాచు మీద జారి, కుడిచెయ్యి ఆనించి పడింది. మణికట్టు ఎముక విరిగింది. ఆరు వారాలు పిండికట్టు ఉంచారు. మొన్న విప్పి, ఎక్స్‌రే చూసి, ఎముక చక్కగా అతికింది అన్నారు. అసలు కష్టం అప్పుడే మొదలైంది. చెయ్యి వాచి, వంకాయ తొక్కలా నున్నగా మెరుస్తోంది. ఒకసారి ఎర్రగా వేడిగా ఉంటుంది, గంట పోయాక చూస్తే నీలంగా చల్లబడి ఉంటుంది. చీర కొంగు తగిలినా ఉలిక్కిపడుతోంది. ఫ్యాన్ గాలి కూడా పడట్లేదు, ఈ ఉక్కలో ఫ్యాన్ ఆపుకుని పడుకుంటున్నాం. వేళ్ళు ముడుచుకోవు. పసిబిడ్డని పెట్టుకున్నట్టు ఆ చెయ్యిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది.

కట్టు కట్టిన చోట మళ్ళీ అడిగితే "ఎముక అతికిపోయింది కదా, మిగిలిందంతా ఆవిడ మనసులో ఉంది" అన్నారు. ఆ మాటకి అమ్మ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఎడంచేత్తో చెంచా పట్టుకుని తింటోంది. ఇంటికి ఎవరైనా వస్తే ఆకలి లేదని లేచిపోతోంది. ఏం చెయ్యాలో చెప్పండి.

పాతపట్నం_రోడ్డు · ఆగస్టు 9, రాత్రి 10:48

తమ్ముడూ, టెన్షన్ పడకు. ఆవనూనె వేడిచేసి గట్టిగా మర్దనా చేయించు, ఉప్పు మూటతో కాపడం పెట్టు, మళ్ళీ రెండు నెలలు కదలకుండా కట్టించెయ్. మా మావయ్యకి అలాగే తగ్గింది. ఎముక పట్టుకునేవాళ్ళు మీ వైపే బోలెడుమంది ఉన్నారు కదా.

బరంపురం_ఓటీ · ఆగస్టు 9, రాత్రి 11:30

పాతపట్నం అన్నయ్యా, మీరు మంచికే చెప్పారు గానీ ఈ చేతికి ఆ మూడూ వద్దు. గట్టి మర్దనా, బాగా వేడి కాపడం, మళ్ళీ కట్టు, దేనితోనైనా ఇది ముదురుతుంది. ఐస్ కూడా పెట్టకండి.

నేను బరంపురంలో ఆక్యుపేషనల్ థెరపిస్టుని, పనంతా చేతుల మీదే. చూడకుండా జబ్బు పేరు చెప్పడం పద్ధతి కాదు. ముందు ఒక్క సంగతి చెప్పు బాబూ. అమ్మ ఆ చేతికి తడిగుడ్డ చుట్టుకుంటున్నారా?

మహేంద్రతనయ_ఒడ్డు · ఆగస్టు 9, రాత్రి 11:41

మీకెలా తెలిసింది మేడమ్? రోజంతా తడి తువ్వాలే. ఆరిపోతే మళ్ళీ తడుపుకుంటుంది. జలుబు చేస్తుందని నేను తిట్టాను కూడా.

బరంపురం_ఓటీ · ఆగస్టు 10, ఉదయం 6:15

తిట్టకు. 1860ల్లో అమెరికా అంతర్యుద్ధంలో తూటాలు తగిలి నరాలు దెబ్బతిన్న సైనికులని సైలస్ వీర్ మిచెల్ అనే డాక్టరు చూశాడు. గాయం మానిపోయినా వాళ్ళకి చేతులు, కాళ్ళు మంటలే. తడిగుడ్డ లేకుండా ఉండలేకపోయేవారు, బూట్లలో నీళ్ళు పోసుకునేవాళ్ళు కూడా ఉండేవారట. వాళ్ళకీ మీ అమ్మకీ ఎవరూ నేర్పలేదు, ఆ మంటే నేర్పింది.

ఇప్పుడు దీన్ని సీఆర్‌పీఎస్ (కాంప్లెక్స్ రీజినల్ పెయిన్ సిండ్రోమ్) అంటారు. మణికట్టు విరిగినవాళ్ళలో కొందరికి వస్తుంది. దెబ్బకి తగ్గ నొప్పి కాదు, దానికి ఎన్నో రెట్లు. రంగు మారడం, వేడి చల్ల మారడం, వాపు, చెమట, గోళ్ళూ వెంట్రుకలూ పెరిగే తీరు మారడం, చెయ్యి బిగుసుకుపోవడం దీని లక్షణాలు. దీన్ని తేల్చే రక్తపరీక్ష గానీ స్కానింగ్ గానీ ఏదీ లేదు. డాక్టరు చేత్తో చూసి, మిగతా కారణాలు కాదనుకున్నాక తేలుస్తారు. అందుకే ముందు ఎముకల డాక్టరుకో నొప్పి క్లినిక్‌కో చూపించు. చీము, నరం నొక్కుకోవడం, రక్తం గడ్డకట్టడం లాంటివి లేవని తేలాలి. జ్వరం వచ్చినా, చెయ్యి ఒక్కసారిగా వాచినా ఆగకుండా వెళ్ళాలి.

"మనసులో ఉంది" అన్నవాళ్ళ మీద నాకు కోపం వస్తుంది. నరాల్లో, వెన్నుపాములో, మెదడులో నొప్పి సంకేతం శ్రుతి తప్పుతుంది. గాయం మానినా అలారం మోగుతూనే ఉంటుంది. నిజంగానే మోగుతోంది కదా, ఆవిడ నటించట్లేదు.

గుంటమగ్గం (బరంపురం) · ఆగస్టు 10, ఉదయం 9:05

ఓటీ మేడమ్ చెప్పింది విను తమ్ముడూ. నాది వేరే కథ. పట్టు నేస్తాను. రాత్రి పన్నెండు దాటితే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వచ్చేసేది, చెయ్యి విదిలిస్తే తగ్గేది. మగ్గం పట్టేవాడికి ఇవన్నీ మామూలే అనుకుని రెండేళ్ళు గడిపాను. చిటికెన వేలుకి మాత్రం ఏమీ లేదు. తర్వాత తెలిసింది, మణికట్టులో మధ్య నరం నొక్కుకుంటే చిటికెన వేలిని వదిలేస్తుందట. రాత్రిపూట మణికట్టు వంగకుండా తిన్నగా ఉంచే పట్టీ అప్పుడే వేసుకుని ఉంటే సరిపోయేదేమో. నేను వెళ్ళేసరికి బొటనవేలి మొదట్లో కండ కరిగి గుంట పడింది. ఆపరేషన్ అయింది. తిమ్మిరి పోయింది, కండ పూర్తిగా రాలేదు. తెగిన పోగు పట్టుకుని ముడెయ్యడం ఇప్పుడు మా ఆవిడ పని. ఈ పేరు పెట్టుకున్నప్పుడు గుంట మగ్గానికే ఉండేది, ఇప్పుడు చేతికీ ఉంది.

జయపురం_టీచరమ్మ · ఆగస్టు 10, మధ్యాహ్నం 2:30

నొప్పి ఇంజెక్షన్ల గురించి ఎవరూ అనలేదు కనుక నేనే అంటాను. మా కోరాపుట్ వైపు సంతకి వచ్చే ఆర్ఎంపీ చేతుల్లో వారానికి రెండు సూదులు మామూలు. మీరు ఉద్దానానికి పక్కనే ఉన్నారు. కవిటి, సోంపేట, మందస వైపు కిడ్నీలు పోయినవాళ్ళు లేని వీధి లేదు. అక్కడి జబ్బుకి కారణం ఇంకా తేలలేదు, నొప్పి మాత్రలే కారణమని నేను అనట్లేదు. కానీ నెలల తరబడి నొప్పి మాత్రలు మింగితే కిడ్నీలకి చేటన్నది మాత్రం తేలిన విషయమే. అమ్మకి బీపీ, షుగర్ ఉంటే మరీ జాగ్రత్త.

బరంపురం_ఓటీ · ఆగస్టు 10, రాత్రి 8:50

టీచరమ్మా, సరిగ్గా చెప్పారు. పైగా ఇలాంటి నరాల మంటకి మామూలు నొప్పి మాత్రలు పెద్దగా పనిచెయ్యవు. గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి డాక్టర్లు రాస్తారు, అవి వాళ్ళే మోతాదు చూసి ఇవ్వాలి. మందు పని ఒక్కటే, చెయ్యి కదపగలిగేంత ఊపిరి ఇవ్వడం. కదపడం మనమే చెయ్యాలి.

మహేంద్రతనయ_ఒడ్డు · ఆగస్టు 17, రాత్రి 9:15

చూపించాం. మేడమ్ అన్నదే అన్నారు, మందులు రాశారు. ఒక తమాషా జరిగింది. అమ్మకి ఒడియా బజారు బేరాల వరకే వచ్చు. డాక్టరు "కొణ హెఉచి?" (ఏమవుతోంది?) అంటే అమ్మ తెలుగులో "పొడుస్తోంది బాబూ" అంది. ఆయన "పోడుచి" అని విన్నారు. ఒడియాలో ఆ మాటకి మండుతోందని అర్థం. కాగితం మీద మంట అని రాసేశారు. మంటా ఉంది, పోటూ ఉంది కనుక తప్పేం కాలేదు. కానీ అప్పుడు అనిపించింది, అమ్మ దగ్గర ఈ చేతికి ఎన్ని మాటలున్నాయో. సలుపు, పోటు, మంట, జివ్వుమనడం, తిమ్మిరి, పీకడం. నేను అవన్నీ కలిపి "దరద్" అని హిందీలోకి మార్చి చెప్పేస్తున్నాను.

థెరపీకి రోజూ బరంపురం రమ్మంటే మా వల్ల కాదు. వ్యాయామాల కాగితం ఒడియాలో ఇచ్చారు, నా కూతురు చదివి చెబుతోంది.

సిరొంచ_మిర్చితోట · ఆగస్టు 17, రాత్రి 10:02

అన్నా, మాటల సంగతి మంచిగ చెప్పినవ్. మాకు గడ్చిరోలి పోతే మరాఠీ, ఒడ్డు దాటి మంచిర్యాల పోతే తెలుగు. మా దిక్కు "తీపులు" అంటం, కాళ్ళు చేతులు తీపులు పుడుతున్నయ్ అని. అది మరాఠీల ఎట్ల చెప్పాల్నో నాకు ఇప్పటికీ తెల్వదు.

మా ఇంటామెకు బొటనవేలి దిక్కు మణికట్టు గుంజుతది. మిర్చి ఏరుడు, పైనుంచి ఎనిమిది నెలల పిల్లని ఎత్తుకునుడు. మంట మిర్చిదా, నరాలదా అన్నది కూడా తెల్వట్లే మేడం.

బరంపురం_ఓటీ · ఆగస్టు 18, ఉదయం 6:40

సిరొంచ తమ్ముడూ, మిర్చి మంట చర్మం అంతటా ఉంటుంది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఆమెది బొటనవేలిని లేపే స్నాయువుల వాపు కావచ్చు, పసిపిల్లల తల్లుల్లో ఎక్కువ చూస్తాం. బొటనవేలిని గుప్పిట్లో ముడిచి, మణికట్టుని చిటికెన వేలి వైపు మెల్లగా వంచితే అక్కడే కలుక్కుమంటే అనుమానించాలి. పిల్లని చంకల కింద బొటనవేళ్ళు చాపి ఎత్తకుండా, అరచెయ్యి పిర్రల కింద పెట్టి, ముంజేతి మీద బరువు వేసుకుని ఎత్తమనండి. బొటనవేలితో సహా పట్టే పట్టీ కొన్ని వారాలు వాడాలి. తగ్గకపోతే డాక్టరుకి చూపించండి. (మిర్చిలోని ఘాటు పదార్థంతోనే నరాల నొప్పికి పైపూత మందు చేస్తారు. అలాగని మిరపకాయ రుద్దకండి, మీ వాళ్ళు రుద్దినా రుద్దుతారు!)

పర్లాకిమిడి బాబూ, నీకు ఇంట్లో చేసుకునే పని చెబుతాను. మీ ఇంట్లో చోళ్ళు (రాగులు) ఉంటాయా?

మహేంద్రతనయ_ఒడ్డు · ఆగస్టు 18, ఉదయం 7:10

అంబలికి ఎప్పుడూ ఉంటాయి.

బరంపురం_ఓటీ · ఆగస్టు 18, రాత్రి 9:30

మొదటి వారం చోళ్ళు కూడా వద్దు. దూదితో మొదలుపెట్టు. నొప్పి లేని చోటు, అంటే మోచేతి దగ్గర మొదలుపెట్టి, కిందికి మణికట్టు వైపు అమ్మే తన ఎడంచేత్తో రాసుకోవాలి. నువ్వు రాయకూడదు. ఎక్కడ ఆగాలో తన చేతిలో ఉండాలి. రెండు నిమిషాలు, రోజుకి నాలుగైదుసార్లు. దూది ఓర్చుకుంటే పాత పట్టుచీర అంచు, తర్వాత నూలు పంచె, తర్వాత తువ్వాలు. అప్పుడు ఒక వెడల్పు బేసిన్‌లో చోళ్ళు పోసి చెయ్యి దించమను. చోళ్ళు సన్నగా గుండ్రంగా ఉండి జారిపోతాయి, గుచ్చుకోవు. తర్వాత బియ్యం, ఆ తర్వాత ఇసక. లోపల చింతగింజ దాచి కళ్ళు మూసుకుని వెతకమను, మనవరాలితో ఆట లాగా.

కొలత ఇదీ. చేసేటప్పుడు నొప్పి కొంచెం పెరగొచ్చు. అరగంటలో ముందున్న స్థాయికి దిగిపోతే భయం లేదు. మర్నాడు వాపు ఎక్కువగా ఉంటే అంతకుముందు చేసింది ఎక్కువైనట్టు, సగానికి తగ్గించు. మానెయ్యకు మాత్రం. ఖాళీగా ఉన్నప్పుడు చెయ్యి గుండె కన్నా ఎత్తులో, దిండు మీద ఉండాలి. ఒళ్ళో కాదు.

ఇంకోటి. నీ ఫోనులో ఇంట్లో అందరి చేతుల ఫోటోలు ఓ నలభై తియ్యి, రకరకాల కోణాల్లో. కలిపేసి ఒక్కోటి చూపించి "కుడా, ఎడమా?" అని అడుగు. ఎందుకో తర్వాత చెబుతాను.

మహేంద్రతనయ_ఒడ్డు · ఆగస్టు 24, రాత్రి 10:10

మేడమ్, విచిత్రంగా ఉంది. ఎడంచెయ్యి ఫోటో చూపిస్తే టక్కున చెబుతోంది. కుడిచెయ్యి అయితే తల అటూ ఇటూ వంచి, తన చెయ్యి వైపు చూసుకుని, సగం సార్లు తప్పు చెబుతోంది. మా పాప అయితే "నాన్నమ్మా, నీకు కుడీ ఎడమా రాదా?" అని ఒకటే నవ్వు. అమ్మ కూడా నవ్వింది. ఈ రెండు నెలల్లో నవ్వడం ఇదే.

బరంపురం_ఓటీ · ఆగస్టు 25, ఉదయం 6:20

అందుకే చెయ్యమన్నాను. నొప్పి చెయ్యి తాలూకు పటం మెదడులో చెరిగిపోతుంది. ఫోటో చూసి కుడి అని గుర్తుపట్టాలంటే మెదడు తన చెయ్యిని లోపలే తిప్పి చూసుకోవాలి. చెయ్యి కదలకుండా కదిలించడం అన్నమాట. ఆస్ట్రేలియాలో లోరిమర్ మోస్లీ 2004లో దీన్ని మూడు మెట్లుగా చేయించి చూశాడు. ముందు కుడి ఎడమ గుర్తుపట్టడం, తర్వాత కదుపుతున్నట్టు ఊహించుకోవడం, చివర అద్దం. ఒక్కోటి రెండేసి వారాలు. వరుస తప్పించి నేరుగా అద్దానికి వెళ్తే కొందరికి నొప్పి పెరుగుతుంది.

నాగావళి_గట్టు (రాయగడ) · ఆగస్టు 25, ఉదయం 11:00

అద్దం మాట వచ్చింది కనుక నేనూ చెబుతాను. నాకు ఎడంచెయ్యి మోచేతి కింద నుంచి లేదు. ఫ్యాక్టరీ పనిలో మిషన్లో పడి పోయింది. లేని చెయ్యి నొప్పెట్టేది నాయనా! పిడికిలి బిగుసుకుని, గోళ్ళు అరచేతిలో దిగబడుతున్నట్టు. ఎవరికి చెప్పను? చెబితే పిచ్చి అంటారు. మా ఆవిడ దిష్టి తీయించింది, మజ్జిగౌరమ్మకి మొక్కింది.

కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో కేంద్ర ప్రభుత్వం వారి పునరావాస సంస్థ ఉంది, కృత్రిమ చెయ్యి కోసం వెళ్తే అక్కడ అద్దం పెట్టె చూపించారు. 1990ల్లో మన విలయనూర్ రామచంద్రన్ కనిపెట్టిన పద్ధతి అది. ఇంటికొచ్చి మంగలి షాపు వాడి దగ్గర పాత అద్దం తీసుకుని, అట్టపెట్టెకి కట్టాను. మొండిచెయ్యి అద్దం వెనక, మంచి చెయ్యి ముందు. చూస్తే రెండు చేతులూ ఉన్నట్టే. మొదటిరోజు ఏడ్చేశాను, చెయ్యను ఇక అని మూల పడేశాను. వారం పోయాక మళ్ళీ తీశాను. మంచి చెయ్యి పిడికిలి మెల్లగా విప్పుతుంటే, లేని పిడికిలి కూడా విచ్చుకున్నట్టు తెలిసింది. ఒక్కసారిగా కాదు, నెల పైనే పట్టింది. ఇప్పటికీ చలికాలంలో పీకుతుంది. కానీ గోళ్ళు దిగవు.

అమ్మగారికి అద్దం పెట్టేటప్పుడు ఎడంచేతి గాజులూ ఉంగరమూ తీయించు బాబూ. ఒక చేతికి గాజులుండి రెండోదానికి లేకపోతే మెదడు నమ్మదు.

మహేంద్రతనయ_ఒడ్డు · ఆగస్టు 25, రాత్రి 9:00

బాబాయ్, గాజుల సంగతి ఎవరూ చెప్పి ఉండరు. థాంక్యూ అంటే చిన్నమాట.

మహేంద్రతనయ_ఒడ్డు · సెప్టెంబరు 14, రాత్రి 11:20

తప్పు చేశాను మేడమ్. చోళ్ళలో చెయ్యి పూర్తిగా పెట్టగలుగుతోందని హుషారు వచ్చి, మెత్తటి రబ్బరు బంతి కొని గంటకోసారి నొక్కించాను. ఆదివారం ఇంట్లో ఉన్నాను కదా అని రోజంతా. సోమవారానికి చెయ్యి మళ్ళీ మొదటిలాగే ఉబ్బింది. ఇప్పుడు బేసిన్ చూస్తేనే మొహం తిప్పుకుంటోంది.

బరంపురం_ఓటీ · సెప్టెంబరు 15, ఉదయం 6:05

బంతి ఎవరు కొనమన్నారు? ఈ బంతులతో విసిగిపోయాను, మందుల షాపు వాళ్ళు అందరికీ అంటగడతారు. వేళ్ళు ముడవడమే రానివాళ్ళకి బంతి అడ్డం కూడా, పిడికిలి పూర్తిగా మూసుకోనివ్వదు.

సరే, అయింది. రెండు రోజులు దూదికీ ఫోటోలకీ వెనక్కి వెళ్ళండి. ఇంతకాలం చేసింది ఏమీ పోలేదు. ఇకమీదట బాగున్న రోజున కూడా అంతే చెయ్యాలి, బాగోలేని రోజున కూడా అంతే. బాగుంది కదా అని రెట్టింపు చెయ్యడం, మర్నాడు మంచం ఎక్కడం, ఇది నా దగ్గరికి వచ్చే ప్రతి ఇంట్లోనూ ఉంది. ఎక్కువగా కొడుకులే చేయిస్తారు.

గుంటమగ్గం · సెప్టెంబరు 15, ఉదయం 8:30

కొడుకులూ, కొత్తగా నేర్పే మేస్త్రీలూ ఒకటే. 😄

జయపురం_టీచరమ్మ · సెప్టెంబరు 15, సాయంత్రం 5:40

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మణికట్టు విరిగినప్పుడే విటమిన్ సి మాత్రలు వేసుకుంటే ఇది రాదంటారు, నిజమా? మా చెల్లెలికి నిన్ననే కట్టు వేశారు.

బరంపురం_ఓటీ · సెప్టెంబరు 15, రాత్రి 9:10

1999లో నెదర్లాండ్స్ డాక్టర్లు 500 మిల్లీగ్రాములు 50 రోజులు ఇచ్చి, తక్కువమందికి వచ్చిందని రాశారు. తర్వాతి అధ్యయనాల్లో ఫలితం అంత గట్టిగా కనబడలేదు. చవక మాత్ర, చాలామంది డాక్టర్లు రాస్తారు. కిడ్నీ రాళ్ళుంటే అడిగి వేసుకోవాలి. నన్నడిగితే, కట్టులో ఉండగానే వేళ్ళు రోజూ ముడిచి చాపడం, భుజం లేపడం అంతకన్నా ముఖ్యం. కట్టు బిగుతై వేళ్ళు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా ఆ రాత్రే వెళ్ళి చూపించాలి, పొద్దున్న వరకు ఆగకూడదు.

మహేంద్రతనయ_ఒడ్డు · అక్టోబరు 24, రాత్రి 9:45

చాన్నాళ్ళకి రాస్తున్నాను. అద్దం నాలుగో వారం నడుస్తోంది. మొదట్లో తల తిరుగుతోందంటే మళ్ళీ ఫోటోలకి వెళ్ళి వచ్చాం. తడి తువ్వాలు మానేసింది, ఎప్పుడు మానేసిందో మాకే తెలియలేదు.

అసలు విషయం. కార్తీకం వచ్చింది కదా, అమ్మ దూది ముందేసుకుని కూర్చుంది. ఏటా పౌర్ణమికి 365 వత్తులు తనే చేసుకుంటుంది. నేను వద్దన్నాను, బంతి దెబ్బ గుర్తుంది. వినలేదు. దూది లాగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, విభూతి అద్దుకుని నులమబోతే వేలు జారిపోయింది. మళ్ళీ పట్టింది. పెదవి బిగబట్టి, నెమ్మదిగా, ఒక్కో వత్తికీ రెండేసి నిమిషాలు. మూడు చేసి ఆపేసింది. "రేపు నాలుగు" అంది. మీ కొలత తనకి నాకన్నా బాగా అర్థమైంది మేడమ్.

బరంపురం_ఓటీ · అక్టోబరు 25, ఉదయం 6:10

నేను క్లినిక్‌లో ప్లాస్టిక్ మేకులతో చేయించేది ఇదే పని. దూది తాకిడి, వేళ్ళ పట్టు, రెండూ ఉన్నాయి. చెయ్యనివ్వు. పక్కన కూర్చుని లెక్కపెట్టకు.

నాగావళి_గట్టు · అక్టోబరు 25, ఉదయం 10:15

అమ్మగారికి నా నమస్కారాలు. వత్తులు నేనూ చేస్తాను, ఒక చేత్తో, తొడ మీద.

మహేంద్రతనయ_ఒడ్డు · నవంబరు 6, రాత్రి 10:30

నిన్న పౌర్ణమి. అమ్మవి 52 వత్తులు, మిగతావి మా ఆవిడా పాపా చేశారు. 52కి దేవుడు ఒప్పుకుంటాడా అని పంతులుగార్ని అడిగింది, ఆయన నవ్వి వెలిగించమన్నారు. అన్నం ఇప్పుడు కుడిచేత్తో కలుపుకుంటోంది. పప్పన్నం వరకు సరే, వేడి చారు పడట్లేదు, చల్లార్చుకుంటుంది. రాత్రిళ్ళు ఒకోసారి సలుపు వస్తుంది. పాత గాజులు ఆ చేతికి ఎక్కట్లేదు, దానికి మాత్రం రోజూ సణుగుడే.

మేడమ్, ఒక సందేహం. బేసిన్‌లో చోళ్ళకి పురుగు పట్టింది. పారబోసి ఇసకకి వెళ్ళిపోవచ్చా?

జయపురం_టీచరమ్మ · నవంబరు 6, రాత్రి 10:41

పారబొయ్యకు! ఎండలో పోసి, జల్లించి, నాలుగు వేపాకులు వెయ్యి.

బరంపురం_ఓటీ · నవంబరు 7, ఉదయం 6:00

ముందు బియ్యం. ఇసక సంక్రాంతికి చూద్దాం.